పొడుగెక్కిన సైకిలు

మాస్టారు బతికారు. ముందు ఆ మాట చెప్పేస్తే గుండె కుదుటపడుతుంది, మిగతాది తీరిగ్గా చెప్పుకోవచ్చు. మూడు రోజులు కళ్ళు తెరవని మనిషి శుక్రవారం పొద్దున్న ఏడింటికి తెరిచి, నర్సుని ఎగాదిగా చూసి, నా సైకిలెక్కడమ్మా అని అడిగారట. ఆసుపత్రి నుంచి ఆ కబురు రాగానే పోలీసు స్టేషన్లో అందరూ ఊపిరి వదిలారు. లాకప్పులో గోడకి చేరగిలబడి కూర్చున్న పాల లారీ డ్రైవరైతే లేచి నిలబడి, ఎవరికి దణ్ణం పెడుతున్నాడో తెలియకుండానే రెండు చేతులూ జోడించాడు.

అయితే మాస్టారికి గుర్తున్నది ఆ సైకిలు వరకే. మంగళవారం పొద్దున్నే వెళుతుంటే వెనక నుంచి ఏదో భుజాన్ని తోసింది, కాలవ కనబడింది, ఆ తర్వాత నర్సు కనబడింది. మధ్యలో ఏ బండి, ఏ రంగు, నడిపిందెవరు అంటే తల అడ్డంగా ఊపారు. గుద్దినవాడు మాత్రం ఆగకుండా పోయాడు. కాబట్టి డ్రైవరు లాకప్పులోనే ఉన్నాడు. పన్నెండింటికి వాణ్ణి కోర్టులో నిలబెట్టాలి. అక్కడి నుంచి జైలుకి పంపితే పాల కంపెనీ మళ్ళీ బండి తాళం చేతికివ్వదు, అందులో అనుమానం లేదు.

వాడి అక్క కుట్టుపని చేస్తుంది. నిన్న మధ్యాహ్నం తమ్ముణ్ణి పట్టుకుపోయారని తెలియగానే మిషను ముందు నుంచి లేచినది లేచినట్టే వచ్చింది, మెడలో టేపు కూడా తియ్యలేదు. నలుగురి చుట్టూ తిరిగి తిరిగి, సాయంత్రానికి పిన్నిని పట్టుకుంది.

పిన్ని అంటే ఎవరికి పిన్ని అని అడగకండి. ముప్పై ఏళ్ళు తూనికలు కొలతల శాఖలో చేసింది. త్రాసు కింద అయస్కాంతం పెట్టినవాణ్ణి, లీటరు డబ్బాకి లోపల రెండో అడుగు వేయించినవాణ్ణి ఎంతమందిని పట్టుకుందో లెక్కలేదు. ఇప్పటికీ ఆవిడ కూరల కొట్టు ముందు నిలబడితే కొట్టువాడు అడక్కుండానే రెండు టమాటాలు ఎక్కువేస్తాడు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఇలాంటి కేసులు చూస్తోంది. ఇన్‌స్పెక్టరు దగ్గర నుంచి కాపలా కానిస్టేబులు దాకా అందరికీ పిన్నిగారే.

పావుతక్కువ తొమ్మిదికి పిన్ని లాకప్పు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. మంగళవారం ఎన్నింటికి ఆ రోడ్డు మీద వెళ్ళావని డ్రైవర్ని అడిగింది. ఆరుకి పది నిమిషాలుంది అన్నాడు. ఎలా తెలుసంటే, రేడియోలో వార్తలకి ముందు వచ్చే పాట వస్తోంది అన్నాడు. పాల కేంద్రం దగ్గర డబ్బాలు దింపుకున్నదెవరంటే ఎవరూ లేరు, కేంద్రం ఆయన నిద్రపోతు, డబ్బాలు గుమ్మంలో పెట్టేసి వెళ్ళిపోతానన్నాడు. సైకిలు మీద మాస్టారు కనబడ్డారా అంటే, కనబడితే ఆపి పలకరించేవాణ్ణమ్మా, నాకు ఎక్కాలు నేర్పింది ఆయనే అన్నాడు.

"పదమూడో ఎక్కం చెప్పు," అంది పిన్ని.

వాడు తొంభై ఒకటి దగ్గర తడబడ్డాడు. అక్క నుదురు కొట్టుకుంది. పిన్ని మాత్రం నవ్వి, ఇంత భయంలోనూ అబద్ధంగా గడగడా చెప్పలేదు, మంచిదే అంది.

అప్పటికి సెకన్ల సారు వచ్చాడు. ఈయన రోడ్ల మీద బండ్లు లెక్కపెట్టే పెట్టెలు అమ్మే కంపెనీలో నిపుణుడు. పోలీసులు పిలిచినప్పుడల్లా వచ్చి, పెట్టె కాగితాలు తీసి, ఎవడు ఎప్పుడు ఎంత వేగంలో వెళ్ళాడో చెప్పి, ముద్దాయిని చూపించి వెళతాడు. పిన్నికీ ఆయనకీ ఉప్పూ నిప్పూ. నెల కిందట ఒక కేసులో ఆవిడ చెప్పినది తప్పని ఈయనే తేల్చాడు కూడా. టైమెంతైందండీ అని దారిన పోయేవాడు అడిగినా సెకన్లతో సహా చెబుతాడు, అందుకే ఆ పేరు.

"తొమ్మిదీ రెండు, నలభై సెకన్లు. పిన్నిగారు మనకంటే ముందే వచ్చేశారే," అన్నాడు ఇన్‌స్పెక్టరుతో. తర్వాత ఆవిడ వైపు తిరిగి, "తూకం రాళ్ళు తిప్పి చూసే రోజులు పోయాయండీ. ఇప్పుడు పెట్టె చెబుతుంది, మనం వింటాం."

"రాళ్ళు పోయాయి నాయనా. తప్పు తూకం పోలేదు," అంది పిన్ని. "కాగితం ఇలా ఇవ్వు."

ఆ పెట్టె సంగతి తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. రోడ్డుకి అడ్డంగా రెండు రబ్బరు గొట్టాలు పరిచి మేకులతో బిగిస్తారు. చక్రం ఎక్కగానే గొట్టంలో గాలి తోసుకొచ్చి, పక్కన స్తంభానికి కట్టిన ఇనప్పెట్టెకి కొడుతుంది. పెట్టె ఆ దెబ్బ పడిన టైము రాసుకుంటుంది. మొదటి గొట్టం నుంచి రెండోదానికి చక్రం ఎంతసేపట్లో వచ్చిందో చూసి వేగం కడుతుంది. ముందు ఇరుసు వచ్చిన ఎంతసేపటికి వెనక ఇరుసు వచ్చిందో చూసి, రెండు ఇరుసుల మధ్య దూరం కడుతుంది. ఆ దూరాన్ని బట్టే ఇది సైకిలు, ఇది కారు, ఇది లారీ అని పేరు పెడుతుంది. ఆ రోడ్డు వెడల్పు చెయ్యాలా వద్దా తేల్చడానికి వారం రోజుల లెక్క కోసం దాన్ని ఆదివారమే పెట్టారు. మంగళవారం మాస్టారు పడిన చోటు ఆ గొట్టాలు దాటాక నూట నలభై మీటర్ల దూరం.

కాగితంలో నాలుగు గీతలే ముఖ్యం. అయిదూ నలభై ఎనిమిదికి ఒక లారీ, ఇరుసుల మధ్య మూడు మీటర్ల అరవై ఏడు. ఆరూ పది, ఇరవై సెకన్లకి సైకిలు, ఒక మీటరు ఇరవై. ఆరూ పదకొండు, అయిదు సెకన్లకి ఇంకో లారీ, మూడు మీటర్ల ముప్పై ఆరు. మళ్ళీ ఆరూ ఇరవై రెండుకి బస్సు. కాలవలో మాస్టార్ని చూసి బస్సు ఆపింది ఆ బస్సు డ్రైవరే.

సెకన్ల సారు వేలు పెట్టి చూపించాడు. సైకిలు తర్వాత నలభై అయిదు సెకన్లకి వచ్చిన బండి సరిగ్గా మాస్టారు పడిన మలుపు దగ్గర సైకిల్ని అందుకుంటుంది. అదే గుద్దింది, ఇంకోటి కాదు. దాని ఇరుసుల మధ్య మూడు మీటర్ల ముప్పై ఆరు. పాల లారీ కాగితాల్లో ఎంతుంది? మూడు మీటర్ల ముప్పై ఆరు. ఒక్క సెంటీమీటరు అటూ ఇటూ లేదు.

"చెప్పు కాలికి సరిపోయినట్టు సరిపోయింది," అన్నాడు. "ఇంకా ఏం కావాలి?"

అక్క ముఖం తెల్లబోయింది. లోపల తమ్ముడు ఆరుకి పది నిమిషాలమ్మా, నేను వెళ్ళింది అప్పుడే అని గొణుక్కుంటున్నాడు. పిన్ని ఆ కాగితాన్ని ఒకసారి దూరంగా, ఒకసారి కళ్ళజోడు పైకి నెట్టి దగ్గరగా చూసింది. ఆవిడ వేలు మాత్రం లారీ దగ్గర లేదు. దానికి పైనున్న సైకిలు గీత మీద ఆగింది.

మాస్టారి సైకిలు స్టేషను వరండాలోనే ఉంది. వెనక మడ్‌గార్డు నొక్కుకుపోయింది, హ్యాండిలు పక్కకి తిరిగింది. పిన్ని అక్క మెడలో టేపు అడిగి తీసుకుని, వంగి, ముందు చక్రం ఇరుసు దగ్గర నుంచి వెనక చక్రం ఇరుసు దాకా పట్టింది. నూట పది సెంటీమీటర్లు. రెండో పక్క నుంచి పట్టింది. నూట పదే.

"మీ పెట్టె నూట ఇరవై అంది," అంది నడుం పట్టుకుని లేస్తూ. "సైకిలు పొడుగెక్కడం ఎక్కడైనా విన్నావా?"

సెకన్ల సారు నవ్వాడు. లారీ గుద్దితే సైకిలు కురచ కాకుండా ఉంటుందా, ఆ మాత్రం ఆలోచించరా అన్నాడు. పిన్ని వెనక చక్రం పట్టుకుని తిప్పింది. చక్రం తిరిగింది, చైను బిగుతుగానే ఉంది. వెనక చక్రం ముందుకి జరిగి ఉంటే చైను పాత మొలతాడులా వేలాడాలి కదా అంది. ముందు చక్రం తిప్పింది. అదీ దేనికీ తగలకుండా గిర్రున తిరిగింది. ఫ్రేము మీద రంగు ఎక్కడా పగల్లేదు.

"ఇది కురచ కాలేదు నాయనా. నీ పెట్టే దీన్ని సాగదీసింది. సైకిల్ని సాగదీసినది లారీని వదిలిపెడుతుందా?"

ఇన్‌స్పెక్టరు గడియారం చూశాడు. పదవుతోంది. రెండు గంటల టైముంది, పదండి చూద్దాం అన్నాడు. సెకన్ల సారు తన పెట్టెల్లో తప్పుండదనీ, రోడ్ల ఆఫీసువాళ్ళ నిబంధనలన్నీ పాటించి పెట్టామనీ గట్టిగానే అన్నాడు. ఆ నిబంధనల పుస్తకం నలభై పేజీలు పిన్ని సంచిలోనే ఉంది. నిన్న సాయంత్రం కూర్చుని అక్షరం వదలకుండా చదివింది. నూరు బండ్లు పోతే తొంభై ఎనిమిదైనా లెక్కలో పడాలి. గడియారం రోజుకి ఒక్క సెకను కంటే తప్పకూడదు. రెండు గొట్టాల మధ్య ఒక్క మీటరు ఉండాలి, సెంటీమీటరు కంటే తేడా రాకూడదు. గొట్టాలు పరిచాక పొడుగు తెలిసిన బండి ఒకటి వాటి మీద నడిపి, పెట్టె అదే పొడుగు చెబుతుందో లేదో చూసి సంతకం పెట్టాలి. అలాంటివే ఇంకా చాలా ఉన్నాయి.

జీపులో ఇన్‌స్పెక్టరు, ఇద్దరు కానిస్టేబుళ్ళు, కంపెనీ తెల్ల వ్యానులో సెకన్ల సారు, వెనకాల స్కూటరు మీద పిన్నీ అక్కా బయల్దేరారు. వ్యాను నడిపేవాణ్ణి అందరూ గొట్టాలాయన అంటారు. రోడ్ల మీద గొట్టాలు పరిచి మేకులు కొట్టేదీ అతనే. అందరూ దిగాక అక్క, ఏడ్చిన ముఖం కనబడకూడదని, వ్యాను ఎడమ అద్దంలో చూసుకుని కళ్ళు తుడుచుకుంది. ఆ అద్దం మీద కొట్టువాళ్ళ ధర చీటీ ఇంకా ఊడలేదు, దాని అంచు అద్దంలో ఆవిడ కంటికి అడ్డొచ్చింది. కుడివైపు అద్దం పాతది, దుమ్ము పట్టి ఉంది. పిన్ని స్కూటరు స్టాండు వేస్తూ అది చూసింది.

పెట్టెకి రెండు తాళాలు, ఒక సీలు. సెకన్ల సారు సీలు అందరికీ చూపించి తెరిచాడు. ఎవరూ ముట్టుకోలేదు. లోపలి గడియారాన్ని తన వాచీతో పోల్చాడు, సెకనుకి సెకను సరిపోయింది. గొట్టాలు నిటారుగా ఉన్నాయి, చిల్లు లేదు, మేకులు కదల్లేదు. ఒక్కొక్కటీ చూపిస్తూ ఇక చాలా అన్నట్టు పిన్ని ముఖంలోకి చూశాడు.

పిన్ని రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుంది. అక్క ఒక గొట్టం మీద టేపు కొస పట్టుకుంది, పిన్ని రెండో గొట్టం దాకా లాగింది. తొంభై ఒకటిన్నర సెంటీమీటర్లు.

"ఎనిమిదిన్నర తక్కువ," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

సెకన్ల సారు వంగి చూశాడు. టేపు సాగి ఉంటుందన్నాడు. సాగిన టేపు దూరాన్ని తక్కువ చూపిస్తుంది, ఆ మాట నిజమే, కుట్టుపనివాళ్ళ టేపులు సాగుతాయి కూడా. అక్కకి ఆ మాట పడలేదు. నిన్నగాక మొన్న కొన్న టేపు ఇది, దీంతో కుట్టినవి ఎవరికీ బిగుతు కాలేదు, వదులు కాలేదు అంటూ టేపుని వెనక్కి తిప్పి అంగుళాల వైపు చూసింది. చూసి, ఇంకోసారి చూసి, పిన్ని వైపు తిరిగింది.

"పిన్నీ, ముప్పై ఆరు. ఇది గజం."

కుట్టేవాళ్ళకి ఆ అంకె నిద్రలో లేపి అడిగినా తెలుసు. తప్పుగా పరిస్తే ఎనభై అయిదు రావచ్చు, తొంభై ఏడు రావచ్చు. సరిగ్గా ముప్పై ఆరు అంగుళాలు చేజారి రాదు. ఎవరో శ్రద్ధగా కొలిచే పరిచారు. కొలిచిన కర్రే వేరు.

పిన్ని లేచి, దుమ్ము దులుపుకుని, తిన్నగా వ్యాను వెనక తలుపు దగ్గరకి నడిచింది. సుత్తులు, మేకుల డబ్బా, రబ్బరు చుట్టలు, వాటి మధ్య రెండు కొసలకీ ఇత్తడి తొడుగులున్న నల్లటి చెక్క బద్ద. మీటరు బద్దల మీద ముద్రలు వేసీ వేసీ ఆవిడ చెయ్యి కాయలు కాసింది. ఇది మీటరు కాదు, ముద్ర లేని బట్టల కొట్టు గజం బద్ద.

గొట్టాలాయన దాచలేదు. మీటరు కర్ర కిందటి నెలలో ఎక్కడో పోయిందనీ, అడిగితే ఆఫీసులో కోప్పడతారని, మా వీధి బట్టల కొట్టులో అడిగి తెచ్చుకున్నాననీ చెప్పాడు.

"గజమైనా మీటరైనా ఒకటేగా అమ్మా," అన్నాడు. "కొట్టులో అందరూ అలాగే అంటారు."

"బేరం ఆడేటప్పుడు అంటారు. గుడ్డ చింపేటప్పుడు అనరు," అంది అక్క.

పొడుగు తెలిసిన బండి నడిపి చూడాలిగా, చూశారా అని ఇన్‌స్పెక్టరు అడిగాడు. గొట్టాలాయన నేల చూశాడు. సెకన్ల సారు గొట్టాల వైపు చూసి, తనే చెప్పాడు.

"చూడలేదు. చూసినట్టు సంతకం నాదే."

ఆ మాట అంత తేలిగ్గా అంటాడని పిన్ని అనుకోలేదు. మనిషి మీద కొంచెం గౌరవం కలిగింది.

నిబంధనల పుస్తకం వెనక అట్ట మీద పిన్ని లెక్క వేసింది. పెట్టెకి కళ్ళు లేవు. గొట్టాల మధ్య మీటరుంది అని చెబితే మీటరే అనుకుంటుంది. అక్కడున్నది గజం కాబట్టి ప్రతి బండినీ ఆ మేరకి సాగదీసి రాస్తోంది. నూట పది సైకిలు నూట ఇరవై అయింది. మరి నిజంగా మూడు మీటర్ల ముప్పై ఆరు ఉన్న పాల లారీ దీని మీద నడిస్తే ఎంత రాయాలి?

"మూడు అరవై ఏడు," అన్నాడు సెకన్ల సారు. కాగితం చూడకుండానే కట్టేశాడు. తర్వాత కాగితం చూశాడు. మొదటి గీత. అయిదూ నలభై ఎనిమిది.

"ఆరుకి పది నిమిషాలన్నాడు మావాడు," అంది అక్క. ఆవిడ కిలోమీటరు రాయి మీద కూర్చుండిపోయింది.

అంతే, వేరే సాక్ష్యం అక్కర్లేదు. మాస్టారు సైకిలెక్కి గొట్టాలు దాటే వేళకి ఇరవై రెండు నిమిషాల ముందే పాల లారీ వెళ్ళిపోయింది. అంకెలు అంత చక్కగా కలవడమే వాడి ప్రాణం మీదకొచ్చింది. ఇన్‌స్పెక్టరు స్టేషనుకి ఫోన్ చేసి, తలుపు తియ్యండి, ఆ అబ్బాయికి ముందు ఏదైనా తినడానికి పెట్టండి అన్నాడు. ఫోను అక్కకిచ్చాడు. తమ్ముడు ఏమన్నాడో గాని, ఆవిడ ఏడుస్తూనే, ముందు ఆ పదమూడో ఎక్కం నేర్చుకో వెధవా, పరువు తీశావు అంది. కానిస్టేబుళ్ళు కూడా నవ్వారు. అప్పుడు టైము పదీ యాభై. కోర్టుకి ఇంకా గంటా పది నిమిషాలుంది, ఇక ఆ టైముతో ఎవరికీ పని లేదు.

పిన్ని ఒక్కతే నవ్వు ఆపి మళ్ళీ అట్ట వెనక లెక్క దగ్గరకొచ్చింది. అలాగైతే ఆరూ పదకొండుకి వెళ్ళిన బండికి ఇరుసుల మధ్య అసలు దూరం మూడు మీటర్ల ఏడు సెంటీమీటర్లు. అది లారీ కాదు. పెట్టె సాగదీసి లారీని చేసింది.

"ఆదివారం నుంచి ఇప్పటిదాకా మూడు ముప్పై ఆరు అని ఎన్నిసార్లు రాసిందో చూపించు నాయనా," అంది.

సెకన్ల సారు పెట్టె తెర మీద వెతికాడు. ఊరికి దూరం రోడ్డు, తిరిగే బండ్లు తక్కువ. తెర మీద రెండే గీతలు మిగిలాయి. ఒకటి మంగళవారం ఆరూ పదకొండు. రెండోది చదవబోయి ఆగాడు.

"ఇవాళ. పదీ ముప్పై రెండు, ఎనిమిది సెకన్లు."

"మనం వచ్చిందే అప్పుడు కదా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

జీపు పొడుగు అంత లేదు. స్కూటరు సంగతి చెప్పనక్కర్లేదు. అందరూ ఒకేసారి తెల్ల వ్యాను వైపు చూశారు. కొత్త అద్దం ఎండకి తళుక్కుమంది. సైకిలు మీద వెళ్ళేవాడి భుజం ఎత్తులో ఉంది అది.

మంగళవారం పొద్దున్న వ్యాను ఎక్కడుందని పిన్ని మెల్లిగా అడిగింది. సోమవారం సాయంత్రం నుంచి గొట్టాలాయన ఇంటి దగ్గరే ఉంది, తాళం కూడా అతని చేతిలోనే అన్నాడు సెకన్ల సారు. ఆ గొంతులో పొగరు లేదు, పాపం. గజం బద్ద పట్టుకుని ఆ గొట్టాలు పరిచినవాణ్ణి అదే బద్ద మూడు రోజులు దాచింది, నాలుగో రోజు ఇదుగో ఇలా బయట పెట్టింది.

గుద్దింది నువ్వేనని గొట్టాలాయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ గుమ్మడికాయల దొంగకి భుజాలు ఎప్పుడూ దురదే. వ్యాను తలుపు ధన్‌మని పడింది, ఇంజను లేచింది. ఇన్‌స్పెక్టరు జీపు వైపు పరిగెత్తుతూనే ఫోనులో వంతెన దగ్గర చెక్‌పోస్టుకి చెబుతున్నాడు. ఆ రోడ్డుకి అటు చివర వంతెన ఒక్కటే, పక్కదారి లేదు. పిన్ని అక్క చెయ్యి పట్టుకుని రోడ్డు పక్కకి లాగింది. వ్యాను వెనక్కి వచ్చి, చుట్టూ తిరిగి, వాళ్ళ ముందు నుంచి దూసుకుపోయింది. ముందు చక్రాలు గొట్టాలెక్కాయి, టప్ టప్. వెనక చక్రాలెక్కాయి, టప్ టప్.

సెకన్ల సారు అలవాటుగా వాచీ చూసుకున్నాడు.

"పదీ యాభై ఏడు," అన్నాడు. సెకన్లు చెప్పలేదు.

పెట్టె చెప్పింది. పద్నాలుగు సెకన్లు, రెండు ఇరుసులు, మూడు మీటర్ల ముప్పై ఆరు.